దొరసాని శ్రుతి తప్పిన ఆదివారం

మా వంటింట్లో ఎండుమిరపకాయలు పోసుకునే నల్లటి గిన్నె ఒకటుంది. అంచులు పూరేకుల్లా వంపులు తిరిగి ఉంటాయి. అడుగున గుండ్రంగా ఒక ఎర్ర కాగితం, దాని మధ్యలో చిల్లు. ఆ చిల్లులోంచి మిరపగింజలు రాలుతుంటాయి కాబట్టి గిన్నెగా అది దేనికీ పనికిరాదు. అయినా యాభై ఏళ్ళకు పైగా నాతోనే ఇల్లిల్లూ తిరిగింది. మొన్న నా దగ్గర వయొలిన్ నేర్చుకునే సౌమ్య మంచినీళ్ళకని లోపలికి వెళ్ళి, ఆ గిన్నెలో మిరపకాయలు పళ్ళెంలోకి వంపేసి, దాన్ని పట్టుకుని బయటికొచ్చింది. "మేడమ్, ఇది రికార్డు కదా? ఎవరు చేశారిలా?" అంది. ఆ కాలంలో ఆడపిల్లలు పాత రికార్డుల్ని మరిగే నీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక బోర్లించిన చెంబు మీద వేసి నొక్కి ఇలాంటివి చేసేవాళ్ళని చెప్పాను. చేసింది నేనేనని చెప్పలేదు. ఆ పిల్ల ఎర్ర కాగితాన్ని చున్నీతో తుడిచి, ఫోనులో ఫొటో తీసి, ఏదో నొక్కింది. రెండు నిమిషాలు తిరక్కుండానే నా హాల్లో వయోలా మొదలైంది.

మా వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త బరువు. వర్షం వచ్చే ముందు ఎవరో పెద్దావిడ గుమ్మంలో నిలబడి పిలుస్తున్నట్టు మొదలవుతుంది ఆ కీర్తన. కీర్తన అనకూడదు, కానీ మా ఇంట్లో ఇంకో మాట లేదు. నాలుగో వరసకి తలుపు పట్టుకుని నిలబడ్డాను. "ఎవరు మేడమ్ ఈవిడ? ఇంగ్లండట. ఎప్పుడూ వినలేదే," అంది సౌమ్య. ఆవిణ్ణి ఆవిడ దేశంలోనే చాలా కాలం ఎవరూ విన్నట్టు లేదు, మనమెంత అన్నాను. ఈ రికార్డు ఎవరిదని అడిగితే మా నాన్నగారిదని చెప్పాను. అరవై అయిదేళ్ళొచ్చినా అబద్ధం అలవాటుగానే వచ్చింది. అది మా చిన్నాన్నది.

విజయనగరంలో మాది వయొలిన్ వాళ్ళ ఇల్లు. తాతగారు వయొలిన్, నాన్నగారు వయొలిన్, నేను వయొలిన్. తెల్లారేసరికి నాన్నగారు చాప మీద కూర్చుని ఎడమచేతి వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుంటూ ఉండేవారు. ఆ నూనె వాసన, కమానుకి రుద్దే రోజిన్ పొడి వాసన, వంటింట్లోంచి అమ్మ కాచే కాఫీ వాసన కలిస్తే ఇప్పటికీ ఎడమచెయ్యి వెనక్కి దాచుకుంటాను. సరళీ దగ్గర్నుంచి తానవర్ణం దాకా ఎక్కడ వేలు జారినా కమాను కర్ర మెటికల మీద పడేది. నాన్నగారు కోపంతో కొట్టేవారు కాదు. కాఫీ చప్పరిస్తూ, వేరే ఎవరితోనో మాట్లాడుతూ, ఇటు చూడకుండానే సరిగ్గా ఆ మెటిక మీదే వేసేవారు. మా ఇంట్లో మనుషుల్ని రెండు రకాలుగా లెక్కేసేవాళ్ళు. శ్రుతి ఉన్నవాళ్ళు, శ్రుతి లేనివాళ్ళు. శ్రుతి లేనివాళ్ళలో మా అమ్మా, పాలు పోసే ఆవిడా, చిన్నాన్నా వచ్చేవారు.

చిన్నాన్నకి తొమ్మిదో ఏట ఆ ముద్ర పడింది. తాతగారి ముందు కూర్చుని పాడుతూ పాడుతూ షడ్జమం ఎక్కడ వదిలాడో అక్కడికి తిరిగి రాలేదట. మూడుసార్లు అలాగే అయ్యేసరికి తాతగారు, "వీడికి శ్రుతి లేదు, లేపండి" అన్నారట. లేపేశారు. ఆ తర్వాత ఆయన చాప మీద కూర్చోలేదు. వచ్చినవాళ్ళకి కాఫీ అందించడం, వయొలిన్ పెట్టెలు మోయడం ఆయన పని. పెద్దయ్యాక గరివిడి ఫ్యాక్టరీలో పని దొరికితే ఇంట్లో అందరికీ పీడ వదిలినట్టయింది. నాయనమ్మ అయితే, "ఇనుం కరిగించుకోరా, నీకదే సరి" అని కన్నకొడుకుని దీవించి పంపింది. అక్కడ కూలీలతో తిరిగి తిరిగి ఆయన మాట కూడా మారిపోయింది. ఆ మాట విని కూడా మేము నవ్వేవాళ్ళం.

ఫ్యాక్టరీలో కొలిమి బిగించడానికి ఇంగ్లండు నుంచి ఒక ఇంజనీరు వచ్చి కొన్నాళ్ళున్నాడు. వెళ్ళిపోతూ తన రికార్డుల పెట్టె, సూట్‌కేసులా మూత వేసుకునే ప్లేయరూ చిన్నాన్నకిచ్చి వెళ్ళాడు. సాయంత్రాలు ఆ దొర పాటలు పెట్టుకుంటే అరుగు మీద కూర్చుని కదలకుండా విన్నది చిన్నాన్న ఒక్కడేనట. పెట్టె అందిస్తూ దొర, "వీటిని మా ఊళ్ళో కూడా ఎవరూ వినరు" అని నవ్వాడట. ఆ మాట చెప్పేటప్పుడు చిన్నాన్న ముఖం వెలిగిపోయేది. పేరు మోసినవాళ్ళ పాటలైతే ఆయనకి అంత సంబరం ఉండేది కాదేమో. ఎవరికీ అక్కర్లేని వాళ్ళు కాబట్టే ఆయన సొంతమయ్యారు. పేర్లు నోరు తిరక్క ఆయనే కొత్త పేర్లు పెట్టుకున్నాడు. సన్నగా, ఆగకుండా తీగల మీద జల్లు కురిపించేవాడు వానదొర. బాకాలు, డోళ్ళు కలిపి పరుగెత్తించేవాడు గుర్రాలదొర. ఒకే స్వరం దగ్గర కూర్చుని చల్లగా ఊపిరి పీల్చేవాడు నిమ్మళందొర. ఒకే ఒక్క ఆడమనిషి, వయోలాకి కట్టినావిడ, దొరసాని.

ప్రతి ఆదివారం పొద్దున్న బండికి చిన్నాన్న ఆ ప్లేయరు ఒక చేత్తో, రికార్డుల పెట్టె ఇంకో చేత్తో మోసుకుంటూ మా ఇంటికొచ్చేవాడు. క్వార్టర్లో హాయిగా ఒక్కడూ వినొచ్చు కదా, ఈ మోత ఎందుకని అమ్మ అడిగితే, "అన్నియ్య ఓసారి ఇనాల వదినా" అనేవాడు. అదీ ఆయన ఆశ. తనకి శ్రుతి ఉందని ఆయన ఎప్పుడూ అనలేదు. తన చెవికి నచ్చింది ఒకటి ఈ ఇంట్లో ఒక్కసారి మంచిదనిపించుకుంటే చాలనుకున్నాడు. దాన్ని నాన్నగారు అయిదు నిమిషాల్లో పసిగట్టారు. పసిగట్టాక వదుల్తారా!

నాన్నగారు కనిపెట్టిన ఆట ఇది. శ్రుతిపెట్టె తెప్పించి, రికార్డు మొదటి స్వరానికి శ్రుతి కలిపి, దాని తిత్తి నా చేతికిచ్చేవారు. నేను ఊపుతూ ఉండాలి. రికార్డు తిరుగుతుంటే ఆ ఒక్క శ్రుతీ గుయ్‌మని పక్కన మోగుతూనే ఉండాలి. దొర ఎప్పుడు శ్రుతి తప్పితే అప్పుడు నేను ఎడమచెయ్యి ఎత్తాలి. ఇంగ్లీషు సంగీతం పుట్టుకే వేరు, ఆధారశ్రుతి కదలకుండా ఉండటం దానికి ఉద్దేశమే కాదు. రెండు నిమిషాలు కాగానే వానదొర షడ్జమాన్ని ఇంకోచోటికి తీసుకుపోయేవాడు. పక్కనున్న పాత శ్రుతితో అది కలవక పళ్ళు జివ్వుమనేవి. నేను చెయ్యెత్తేదాన్ని. "తప్పాడు! దొర తప్పాడు!" అని నాన్నగారు తొడ చరిచేవారు. శిష్యులు నవ్వేవాళ్ళు. నాయనమ్మ వాకిట్లోంచే అడిగేది, "ఏరా, మీవాడు మళ్ళీ తప్పాడా?" అని. ఆ "మీవాడు" అనడంలో దొరా చిన్నాన్నా ఇద్దరూ కలిసి వచ్చేవారు. "ఓసారి ఆ శ్రుతిపెట్టి నేకండా ఇనన్నియ్యా," అని చిన్నాన్న బతిమాలేవాడు. "శ్రుతి లేకుండా వినడానికి మేమేమైనా నువ్వట్రా?" అనేవారు నాన్నగారు. మళ్ళీ ఆదివారం చిన్నాన్న అదే మోత మోసుకుని వచ్చేవాడు. ఆ రావడం చూసి నాకు జాలి వేయలేదు, చిరాకేసేది. పదమూడేళ్ళ పిల్లలు మంచివాళ్ళని ఎవరో అబద్ధాలు రాశారు.

ఒక ఆదివారం నాన్నగారు కచేరీకి బొబ్బిలి వెళ్ళారు. నాయనమ్మ నిద్రపోతోంది. చిన్నాన్న నన్ను పిలిచి, అంతవరకూ నేను వినని దొరసానిని పెట్టాడు. శ్రుతిపెట్టె గూట్లోనే ఉంది. మొదటిసారి ఆ సంగీతాన్ని విడిగా, ఏ గుయ్‌మోతా లేకుండా విన్నాను. దొరసాని ఎక్కడా తప్పలేదు. వయోలా ఒక చోటు వదిలి ఇంకో చోటికి వెళుతున్నప్పుడు నా ఒళ్ళు గగుర్పొడిచింది. మాలో గ్రహభేదం అని ఒకటుంది, ఒక రాగంలోని వేరే స్వరాన్ని షడ్జమం చేసుకుంటే ఇంకో రాగం బయటపడుతుంది. పెద్ద విద్వాంసులు ఎప్పుడో ఒకసారి, ఒక్క క్షణం చూపించి సభ చేత చప్పట్లు కొట్టించుకుంటారు. ఈవిడ నడుచుకుంటూ పోయినంత సులువుగా అదే పని మళ్ళీ మళ్ళీ చేస్తోంది. ఆ మాట చిన్నాన్నకి తెలీదు. ఆయన తన మాటల్లో చెప్పాడు.

"సా ఒక్కసోటే కూకోవాలని ఎవులన్నారే అమ్మీ? ఈవిడి సా నడుస్తాది. ఓ ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి ఎల్తాది. ఎల్లి ఆడ దీపం ఎట్టుకుంటాది. సూడు, ఇప్పుడెట్టినాది."

నిజంగానే అప్పుడే పెట్టింది. నాకు తెలియకుండానే నా చెయ్యి తొడ మీద తాళం వేస్తోంది. చిన్నాన్న ఆ చేతిని చూశాడు. రికార్డు అయిపోయాక నెమ్మదిగా అన్నాడు. "వచ్చే ఆదివారం మీ నాన్న గురువుగారు వస్తన్నారు గదా. ఆరి ముందర దొరసానిని ఎడతాడంట అన్నియ్య. నువ్వు సెయ్యి ఎత్తకే. బాగున్నాదని సెప్పక్కర్నేదు. ఎత్తకండా ఉంటే సాలు." సరేనని తల ఊపాను. ఊపినప్పుడు నిజంగానే అనుకున్నాను.

ఆ ఆదివారానికి నాన్నగారి గురువుగారు వచ్చారు. ఆయన మాట మీద ఈ జిల్లాలో కచేరీలు పుట్టేవి, ఆగిపోయేవి. పొద్దున్న నేను వర్ణం వాయించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు, అవునని గానీ కాదని గానీ అనలేదు. భోజనాలయ్యాక తాంబూలం వేసుకుంటుంటే నాన్నగారు, "మా తమ్ముడి దొరలతో కాస్త వినోదం చూడండి" అని దొరసానిని పెట్టించారు. శ్రుతిపెట్టె నా ఒళ్ళోకి వచ్చింది. హాలు నిండా శిష్యులు. చిన్నాన్న గుమ్మం దగ్గర, కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన నాకేసి చూడలేదు. నమ్మిన మనిషి అలాగే ఉంటాడు కాబోలు.

దొరసాని మొదటి ఇల్లు వదిలింది. నా చెయ్యి లేవలేదు. నాన్నగారు నాకేసి చూశారు. గురువుగారు కళ్ళు తెరిచి చూశారు. "ఏమ్మా, తెలియలేదా?" అన్నారు. అంతే, ఆ ఒక్క మాట. నాకు శ్రుతి లేదనుకుంటారేమోనని భయమేసింది. నన్నూ లేపేస్తారని, గ్లాసుల పళ్ళెం నా చేతికొస్తుందని. భయంతో చెయ్యెత్తి ఊరుకుని ఉంటే ఈ కథ రాసేదాన్ని కాదు. చెయ్యెత్తడం ఒక్కటే కాదు, ముక్కు మూసుకుని వయోలా గొంతుతో, పక్కింటికి వెళ్ళి తోవ తప్పిన ముసలమ్మలా, "ఒసే, మా ఇల్లెక్కడే? మా ఇల్లెక్కడే?" అని దొరసాని వరస మీదే పాడాను. స్వరం ఒక్కటి కూడా తప్పకుండా పాడాను. హాలంతా గొల్లుమంది. గురువుగారికి తాంబూలం పొలమారింది. దొరసాని ఎన్ని ఇళ్ళు మారితే అన్నిసార్లు పాడాను. "చెవి అంటే ఇదీ! ఒక్కసారి వింటే పట్టేసింది," అన్నారాయన కళ్ళు తుడుచుకుంటూ. ఒక్కసారి కాదు, రెండోసారని నాకూ చిన్నాన్నకీ మాత్రమే తెలుసు. ఆ ఏడే నా మొదటి కచేరీ అయింది, ఆయన చెప్పబట్టే. తర్వాత సంగీత కళాశాలలో ఉద్యోగం, సన్మానాలు, శాలువాలు అన్నీ ఆ ముసలమ్మ గొంతు మీంచే వచ్చాయి.

చిన్నాన్న పళ్ళెం కింద పెట్టాడు. ప్లేయరు తీగ ఊడబీకి మూత వేశాడు, పెట్టె ఎత్తుకున్నాడు. "ఏరా, కోపమా? నవ్వుకోడానికేగా!" అన్నారు నాన్నగారు. "కోపం నేదన్నియ్యా, బండికి టైమయినాది," అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ప్లేయరు మీంచి తీసిన దొరసాని రికార్డు మాత్రం చాప మీదే ఉండిపోయింది. వారం రోజులు గూట్లో పెట్టి చూశాను. చదునుగా ఉన్నంత కాలం అది నాకేసి చూస్తున్నట్టే ఉండేది. ఎనిమిదో రోజు అమ్మ నీళ్ళు కాచే గుండిగలో ముంచి, చెంబు మీద వేసి, అంచులు పూరేకుల్లా నొక్కి, నాన్నగారికి తమలపాకుల గిన్నె చేసిచ్చాను. ఎంత పనితనమే అని మెచ్చుకున్నారు.

సౌమ్య ఫోనులో ఆ పాట విన్నాక నాకు పిచ్చి పట్టినట్టయింది. పొద్దున్న సాధన మానేసి ఆ దొరలందర్నీ వెతుక్కోవడం మొదలుపెట్టాను. పేర్లు తెలియవు కాబట్టి వరసలు గుర్తుపట్టుకుంటూ వెతికితే వానదొర దొరికాడు. నిమ్మళందొర ఒకటి కాదు, అయిదారు కట్టాడు. అందులో సెల్లోకి రాసినదొకటి వింటే అన్నం సహించదు. ఇప్పుడు ఎవరైనా ఏదైనా వినొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, పక్కన శ్రుతిపెట్టె ఊపేవాళ్ళు లేరు. అప్పుడు ఒక్క రికార్డు కోసం మనిషి రెండు చేతులా బరువు మోసుకుని రైలెక్కేవాడు. ఇప్పుడు లోకంలోని దొరలందరూ నా అరచేతిలో ఉన్నారు, కానీ విని "సూడు, దీపం ఎట్టినాది" అనే మనిషి లేడు. ఉన్నాడు, ఆమదాలవలసలో. కూతురు పద్మ దగ్గర. యాభై ఏళ్ళలో పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ నాలుగైదుసార్లు దూరం నుంచి చూసుకున్నాం, అంతే. ఒక చిన్న స్పీకరు కొని, సంచిలో వేసుకుని, పాసింజరెక్కాను.

పద్మ గుమ్మంలోనే చెప్పింది. "రా అక్కా. నాన్నకి ఇనబడదు మరి. ఆ రాళ్ళు నలగ్గొట్టే మిషన్ల పక్కన ముప్పయ్యేళ్ళు సేసినాడు గదా, సెవులు పోయి పదేళ్ళయినాది." రికార్డుల సంగతి అడిగాను. చెవులు ఉన్నన్నాళ్ళూ డ్యూటీ నుంచి రాగానే స్నానం చేసి వినేవాడట, పద్మ వాళ్ళమ్మ తిట్టినా మానేవాడు కాదట. చెవులు పూర్తిగా పోయాక ఒకరోజు అన్నీ కట్టకట్టి, వినేవాడి దగ్గర ఉండాలని, పాతపట్నంలో ఎవరో స్కూలు మాస్టారికి ఇచ్చేసి వచ్చాడట. నేను ఆ మాట విని అక్కడే వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు.

చిన్నాన్న మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. స్పీకరు ఆయన పక్కన పెట్టి దొరసానిని పెట్టాను. "ఏటిది? గడియారమా?" అన్నాడు. "దొరసాని!" అన్నాను. "ఎవులు?" అన్నాడు. "దొరసాని చిన్నాన్నా, వయోలా!" అని గట్టిగా అరిచాను. ఎదురింటి ఆవిడ బయటికొచ్చి చూసింది. అప్పుడర్థమయింది ఆయనకి. స్పీకరుకేసి ఒకసారి చూసి, చిక్కుడుకాయ ఒకటి తుంచాడు. యాభై ఏళ్ళుగా లోపల కూడబెట్టుకున్న మాట మెల్లగా, కంటనీరుతో చెప్పుకోవాలని వచ్చాను. అలాంటి సుఖం నాకు రాసిపెట్టి లేదు. వీధంతా వినేలా గొంతు చించుకున్నాను. "ఆరోజు నేను చెయ్యెత్తడం తప్పు! నాకు నచ్చింది! దొరసాని నాకు నచ్చింది!" వినబడలేదని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. మళ్ళీ అరిచాను. మూడోసారి అరిచేటప్పటికి వాకిట్లో ఇద్దరు పిల్లలు నన్ను చూసి నవ్వుతున్నారు.

"తెలుసే అమ్మీ," అన్నాడు చిన్నాన్న. వినపడనివాళ్ళు గట్టిగా మాట్లాడతారంటారు. ఆయన మెల్లగానే అన్నాడు. "అంతకు ముందు ఆదివారం నీ సెయ్యి సూసినాను గదా. మీ నాన్న నవ్వితే నాకేటీ అనిపించనేదు. ఆడికి నచ్చనేదు, నవ్వినాడు. అది నాయం. నీకు నచ్చినాది. నచ్చి నవ్వినావు. ఇంట్లో ఇంకో మడిసికి సెవి ఉన్నాదని ఆ వారమంతా డ్యూటీలో నాలో నాను నవ్వుకున్నాను తెలుసా? సెయ్యి ఎత్తినావు, అది సిన్నపిల్ల బయం అనుకుందును. ఆ వరస మీద పాడినావే, ఒక్క సురం తప్పకండా. అంత బాగా ఎవులికి వస్తాది, పేమ నేకపోతే?"

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డంగా ఊపాడు. "అరవకు, ఇనబడదు. ఆ తరవాత నా కాడున్న ఆవిడి ఇంకో రికాడు ఎన్నిసార్లు ఇన్నా, దొరసాని ఇల్లు మారినప్పుడల్లా నీ గొంతే ఇనబడీది. మా ఇల్లెక్కడే అని. అందుకే అదీ ఎట్టడం మానేసినాను. సెవులు పోయినప్పుడు మా పద్మ ఏడిసింది. నాను ఏడవనేదు." చిక్కుడుకాయల గిన్నె పక్కకి జరిపి, ఈనెలు దులుపుకున్నాడు. "అయిదింటికి బండి ఉన్నాది. ఎల్లు."

పద్మ అన్నం తినమంది. ఆయన నాకేసి చూడలేదు. వచ్చేశాను. బండి గంట లేటు. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ఏడవాలి కదా, ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. సంచిలోంచి ఇయర్‌ఫోన్లు తీసి చెవుల్లో పెట్టుకుని దొరసానిని మొదటి నుంచీ పెట్టాను. వయోలా మొదటి ఇల్లు వదిలింది, రెండో ఇంట్లో అడుగుపెట్టింది. నాకు ఏ ముసలమ్మ గొంతూ వినబడలేదు. ఆయన చెవిలో పెట్టి వచ్చిన ఆ గొంతు నా చెవిలో లేనే లేదు. స్వచ్ఛంగా, హాయిగా, ఎంతో బాగుంది. అయిపోతే మళ్ళీ పెట్టుకున్నాను.